వేలి కింద వాక్యం

బార్కస్ నుంచి అఫ్జల్‌గంజ్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి గోళ్లలో ఎర్రరంగు ఎండిపోయి ఉంది. ధూల్‌పేట్‌లో వినాయకుడి బొమ్మలు చేస్తాడట. నా చేతిలో ఇంగ్లీషు పేపరు చూసి, సంచిలోంచి ఒక కాగితం తీశాడు.

“సార్, జర ఇది సద్వుండ్రి. కాన్పుల నా భార్య సచ్చిపోయింది. దవఖాన మీద కేసేస్తే, డాక్టర్ల తప్పేం లేదని ఎవరో పెద్ద డాక్టర్ గిది రాసిచ్చిండు. దీన్ని జూసే కేసు కొట్టేసిన్రు. ఇందుల తప్పు దొరికితేనే అప్పీల్ అంటడు వకీల్ సాబ్. ఆయనకైతే ఏం దొరకలే.”

కింద సంతకం నాది.

అలాంటివి నేను చాలా రాశాను. పాతదాన్ని తీసి, పేరు మార్చి, సంతకం పెట్టడం నా అలవాటు. ‘ఆపరేషన్‌కు ముందు రోగి బీపీ మామూలుగానే ఉంది’ అన్న వాక్యం ఇంకెవరో ఆడమనిషిది. ఇతని భార్య కేస్‌షీట్‌లో బీపీ రాసే గడి ఖాళీగా ఉండటం నేను చూశాను. చూసీ రాశాను.

నా బొటనవేలు తనంతట తానే ఆ వాక్యం మీదికి జరిగింది.

“ఏమన్న ఉన్నదా సార్?”

“ఏం లేదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.”

అతను కాగితాన్ని జాగ్రత్తగా మడిచాడు.

“గట్లనా! ఏడాదిసంది గీ డాక్టర్‌ను నోటికొచ్చినట్టు తిట్టుకుంటున్న సార్. పాపం తగుల్తది నాకు.”

కళ్లు మూసుకుని, నా పక్కనే, రెండు చేతులా లెంపలు వేసుకున్నాడు.