దస్తీ బ్రహ్మచారి

చిలకలగూడ బ్రహ్మచారి గారికి ఖాళీ జాగా కనబడితే చెయ్యి ఊరుకోదు. జేబులోంచి దస్తీ, అంటే చేతిరుమాలు, తీసి దాని మీద వేసేస్తాడు. అంతే, ఆ జాగా ఆయనది. బస్సు సీటా, పెళ్లి భోజనాల కుర్చీయా, దవాఖాన బల్లా అన్న పట్టింపే లేదు.

సర్వీసంతా సిటీ బస్సులో కండక్టరుగా చేశాడు. కిటికీల్లోంచి దస్తీలు విసిరి సీట్లు ఆపుకునే జనాన్ని చూసీ చూసీ ఆ జబ్బు ఆయనకు అంటుకుందని బస్తీలో అంటారు. పేరుకే బ్రహ్మచారి; భార్య బాలమ్మ మాత్రం ఈ మాట ఒప్పుకోదు. "నౌకరి గీకరి ఏం లేదు, పుట్టుకతోనే ఉన్నది. పెండ్లిచూపులల్ల అందరు నన్ను చూస్తుంటే, ఈయన నా పక్క కుర్సీ మీద దస్తీ ఏసిండు. గప్పుడే లేచి ఉరకాల్సింది నేను!" అంటుంది.

ఆయన బాల్కనీలో తీగ నిండా దస్తీలే. గళ్లవి, చారలవి, పూలవి. వీధిలోకి కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్ అది దుకాణమనుకొని అర డజను కట్టిమ్మన్నాడట. బన్సీలాల్‌పేట్ మెట్లబావికి దీపాలు పెట్టిన సాయంత్రం ఈయన ముందే వెళ్లి పై మెట్టు నుంచి నీళ్ల దాకా దస్తీలు పరిచేస్తే, వచ్చినవాళ్లు అదీ అలంకారమే అనుకొని వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగారు.

ఒక పెళ్లిలో భోజనాల దగ్గర వరసకు వరసే ఆపాడు. పెళ్లికొడుకు మేనమామ ఆకలితో నకనకలాడుతూ వచ్చి అడిగాడు.

"ఎవరికోసం పట్టినవయ్యా ఇన్ని కుర్సీలు?"

"వచ్చేటోళ్లున్నరు."

"ఎవరొస్తరు?"

"వస్తరు గదా!"

ఎవరడిగినా అదే జవాబు. చివరికి ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుని తిన్నారో ఎవరూ చూడలేదు. అందరి కళ్లూ దస్తీల మీదే గానీ మనుషుల మీద ఎక్కడివి?

అలాంటి మనిషి సముద్రం చూడ్డానికి టూరు బస్సెక్కాడు. బాలమ్మను కూడా రమ్మన్నాడు. "నీతోని బస్సెక్కితే నిన్ను తిట్టాల్సినయి నన్ను తిడ్తరు. నువ్వే పో" అని ఆమె పులిహోర కట్టిచ్చి పంపింది.

టూరు యుగంధర్ అనే ఆయనది. సికింద్రాబాద్ స్టేషన్ పక్క సందులో ఆఫీసు. ఎక్కినవాళ్లలో సగం మంది చిలకలగూడ బస్తీవాళ్లే. రాత్రి ఇంట్లో తినొచ్చి బస్సెక్కితే తెల్లారేసరికి బాపట్ల దగ్గరి సముద్రం. అక్కడ తాబేళ్లు పెట్టిన గుడ్లను అటవీశాఖ వాళ్లు వల కంచెలో కాపాడి, పిల్లలు బయటికి రాగానే సముద్రంలోకి వదులుతారు. అది చూసి, వాగు సముద్రంలో కలిసే మొగలో గూడబాతుల్ని చూసి, చేపల పులుసు తిని, రాత్రికి వాపసు. అన్నీ చూపించి చెప్పడానికి గైడు.

ఆ గైడే మల్కాజ్‌గిరి యోగిత. అదే ఆమె మొదటి టూరు. బస్సు కదిలే ముందు యుగంధర్ ఆమెను పక్కకు పిలిచాడు.

"చూడమ్మా, ఒక్క కంప్లైంట్. ఒక్కటంటే ఒక్కటొచ్చినా మళ్ల రాకు. ఇంకో పిల్లను చూసుకుంట."

"సరే సార్. మరి నా సీటు ఏది సార్?"

"గైడంటే నిలబడి చెప్పాలె గదా, సీటెందుకు? గా సీటు అమ్మేసిన."

ఇంట్లో "నాకు నౌకరి దొరికింది" అని చెప్పి మిఠాయి పంచి వచ్చిన పిల్ల. ఏమంటుంది? తలూపి, మైకు పట్టుకుని బస్సెక్కింది. ఎక్కగానే మొదటి సీటులో నీలం గళ్ల దస్తీ కనిపించింది. పక్కనే బ్రహ్మచారి గారు, సంచీ భుజానికేసుకుని, కండక్టరు లెక్కన నిలబడి ఉన్నాడు.

"సార్, సీట్లకు నంబర్లున్నయ్. ఇది మీ సీటే. దస్తీ ఎందుకు సార్?"

"నంబరు బస్సుదమ్మా. దస్తీ మనది."

"సరే, కూసోండి మరి."

"నేనెందుకు కూసుంట? వచ్చేటోళ్లున్నరు."

ఎల్బీనగర్‌లో ఎవరైనా ఎక్కుతారేమో అనుకుంది యోగిత. ఎవరూ ఎక్కలేదు. నల్లగొండలో చాయ్‌కి ఆగారు. చాయ్ తాగినవాళ్లే మళ్లీ ఎక్కారు. యోగిత తలుపు దగ్గర మెట్టు మీద నీళ్ల సీసాల డబ్బా వేసుకుని, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది. బస్సు ఎగిరినప్పుడల్లా తల కడ్డీకి కొట్టుకుంటోంది. ఎదురుగా మెత్తటి సీటు. దాని మీద మహారాజులాగా దస్తీ.

బ్రహ్మచారి గారేమో బానెట్ మీద ఎక్కి కూర్చుని, డ్రైవరు అజ్మత్‌కి తన సర్వీసు కథలు షురూ చేశాడు. ఒకటి అయ్యేలోపే ఇంకోటి. నిద్ర పట్టక వెనక సీటు ఓంప్రకాశ్ లేచాడు. జనరల్ బజార్‌లో చీరల దుకాణం ఆయనది. ఇద్దరు మనవళ్లను తీసుకొచ్చాడు.

"ఓ పెద్దమనిషీ! నీ నోటి మీద సుత జెర దస్తీ ఏసుకో!"

బస్సంతా నవ్వింది. బ్రహ్మచారి గారూ నవ్వాడు. నవ్వి, గొంతు తగ్గించి కథ అందుకున్నాడు.

కృష్ణ దాటాక యోగిత ఉండబట్టలేక అడిగింది. "ఇంక ఎవరొస్తరు సార్? నది సుత దాటినం!"

"వస్తరమ్మా. పరేషాన్ గాకు."

ఆమె మళ్లీ డబ్బా మీద కూలబడింది. కావాలంటే ఆ గుడ్డ తీసి కూర్చోవచ్చు. కానీ సికింద్రాబాద్‌లో పుట్టిన పిల్ల. ఇంకొకరి దస్తీ తీసి కూర్చోవడం కంటే ఇంకొకరి ఇంటి తాళం పగలగొట్టడం తేలికనిపిస్తుంది ఈ ఊళ్లో.

తెల్లవారింది. బస్సు ఇసుక దాకా వచ్చి ఆగింది. బూడిదరంగు సముద్రం, మీద తెల్ల పిట్టలు, కాళ్ల సందుల్లోంచి పరుగెత్తే చిన్న ఎండ్రికాయలు. అందరూ "అబ్బ!" అంటూ నిలబడితే, బ్రహ్మచారి గారు మాత్రం సంచీలోంచి పసుపు దస్తీ తీసి, నీళ్లకు కాస్త ఎడంగా ఇసుక మీద పరిచి, ఒక మూల చెప్పు బరువు పెట్టాడు. అక్కడే కుప్పిగంతులేస్తున్న ఓంప్రకాశ్ మనవళ్లను చెయ్యూపి అవతలికి తోలాడు.

యోగిత సహనం అక్కడ తెగింది. "సార్, సముద్రం కాడ సీట్లుండయ్ సార్!"

"తెలుసమ్మా. వచ్చేటోళ్లున్నరు."

"యాడికెల్లి? నీళ్లలకెల్లా?"

అనేసి నాలిక్కరుచుకుంది. ఒక్క కంప్లైంట్! బ్రహ్మచారి గారు కోపగించుకోలేదు. వంగి, దస్తీ ఇంకో మూల రెండో చెప్పు పెట్టి, వట్టి కాళ్లతో అందరి వెనకా నడిచాడు.

వల కంచె దగ్గర కాపలా ఆవిడ ఎలీసబెతు ఎదురొచ్చింది. లోపల వరసగా పాతిన కర్రలు, కర్రల కింద నున్నటి ఇసుక. అంతే. కదిలేది ఒక్కటి లేదు.

"అయ్యో, నిన్న పొద్దున్నే వెళ్లిపోయాయి కదమ్మా పిల్లలు! మళ్లీ రావాలంటే ఇంకో మూడు నాలుగు రోజులు పట్టుద్ది."

యోగిత కంచెలోకి వంగి చూసింది. "ఈరోజే అని మా సార్‌కు చెప్పిన్రంట గదా మేడమ్?"

"ఇయ్యాలో రేపో అన్నామమ్మా. గుడ్లు కదా, మనం చెప్పిన రోజుకి పగులుతాయా?"

ఓంప్రకాశ్ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏందమ్మా గిది? రాత్రంత నడుములిరిగేటట్టు వస్తే గీ వల జాలీ చూపిస్తవా? మా ఇంటి కిటికీకి లేదా జాలీ?"

"సార్, జెర ఆగండి సార్, గూడబాతులు..."

"బాతులు మా మార్కెట్ల సుత దొరుకుతయ్! మీ ఓనర్‌కు ఇప్పుడే కంప్లైంట్ చేస్త." ఫోను తీశాడు. అటు రింగవుతోంది. మిగతావాళ్లు కూడా "చెప్పు, చెప్పు" అంటూ చుట్టూ మూగారు.

కళ్లల్లో నీళ్లు ఎవరికీ కనబడకుండా యోగిత సముద్రం వైపు తిరిగింది. మొదటి టూరే ఆఖరి టూరు. ఇంటికెళ్లి మిఠాయి తిన్నవాళ్లకు ఏం చెప్పాలో ఆలోచిస్తుంటే, ఎదురుగా ఇసుక మీద పసుపు దస్తీ కనిపించింది.

అది కదిలింది.

గాలికి అనుకుంది. గాలికైతే అంచులు లేవాలి. ఇది నడుమ లేస్తోంది. పాలు పొంగుతుంటే మూత లేచినట్టు, లేచి దిగి, మళ్లీ లేస్తోంది.

"మేడమ్!" అని కేకేసింది యోగిత. "మేడమ్, జెర గిటు చూడండి!"

ఎలీసబెతు పరుగున వచ్చి దస్తీ మెల్లగా తీసింది. ఇసుకలోంచి నల్లటి బుల్లి తల ఒకటి బయటికొచ్చింది. దాని వెనక ఇంకోటి. దాని మీంచి ఇంకో రెండు.

"గూడు! మాకు దొరకని గూడమ్మా ఇది! తల్లి వచ్చిపోయిన జాడ గాలికి చెరిగిపోయి ఉంటది. ఎవరూ ముట్టుకోకండి! వాటి దారిన వాటిని పోనివ్వండి!"

పండగనాడు కిక్కిరిసిన బస్సు ఆఖరి స్టాపులో ఖాళీ అయినట్టు దిగుతున్నాయి పిల్లలు. అరచేతిలో సగం లేవు, ఒకదాన్నొకటి తోసుకుంటూ, రెక్కల్లాంటి కాళ్లతో ఇసుకను ఈదుకుంటూ. పైన కాకులు అప్పుడే కబురందుకున్నాయి. కింద జనం ఫోన్లు పట్టుకుని ఎగబడ్డారు.

అప్పుడు లేచింది బ్రహ్మచారి గారి గొంతు. బస్సంతా దద్దరిల్లే కండక్టరు గొంతు.

"ముందుకు రాకుండ్రి! జరగండ్రి, జరగండ్రి! దిగేటోళ్లను దిగనియ్యుండ్రి!"

సంచీ బోర్లించాడు. గుట్టగా పడ్డాయి దస్తీలు. గూటి దగ్గర నుంచి నీళ్ల దాకా రెండు వరసలుగా పరిచి, అందరి చెప్పులూ విప్పించి బరువు పెట్టించాడు. మిగిలిన దస్తీలు తలా ఒకటి చేతికిచ్చి కాకుల మీదికి విసరమన్నాడు. దస్తీ గీత దాటడం తప్పని అందరికీ పుట్టుకతోనే తెలుసు గనక, ఒక్క కాలూ లోపల పడలేదు.

రెండు వరసల నడుమ తాబేలు పిల్లలు దర్జాగా నడిచి పోతుంటే, ఓంప్రకాశ్ ఫోను జేబులో పడేసి, ఎర్ర దస్తీ తిప్పుతూ గంతులేశాడు.

"ఏయ్ కాకీ! దస్తీ ఏసింది కనిపిస్తలేదా నీకు?"

ఒక పిల్ల మాత్రం దారి తప్పి బస్సు వైపు తిరిగింది. "తమ్మీ, గిటు కాదు, గటు!" అని బ్రహ్మచారి గారు దాని ముందు దస్తీ అడ్డం పెట్టాడు. అది కాసేపు ఆలోచించి, మనసు మార్చుకుని, సముద్రం వైపే వెళ్లింది. ఒక అల వచ్చి ఎత్తుకుపోయింది.

అన్నీ వెళ్లిపోయాక ఎలీసబెతు అడిగింది. "మాకే తెలీలేదు, మీకెలా తెలిసింది బాబాయిగారూ?"

"నాకేం తెలుసమ్మా? గాడ ఇసుక జెర కుంగినట్టుండె. పోరగాండ్లు దుంకుతున్నరు. కాలు మడత పడ్తదేమో అని దస్తీ ఏసిన. తాబేళ్లొస్తయని నేను కలగన్ననా?"

గూడబాతుల్ని చూశారు, చేపల పులుసు తిన్నారు. వాపసు బయల్దేరినప్పుడు మొదటి సీటులో మళ్లీ నీలం గళ్ల దస్తీ. యోగిత నవ్వుతూ అడిగింది.

"ఇప్పుడెవరొస్తరు సార్?"

బ్రహ్మచారి గారు మొహం చిట్లించాడు. "నిన్న రాత్రి సంది పట్టిన సీటు, నువ్వేమో వస్తనే లేవు! ఎంతసేపు ఆపాలె?"

"నాకా సార్?"

"మరెవరికి? సీటు అమ్మేసిన అని మీ ఓనర్ అంటుంటే ఇన్న."

"చెప్పొచ్చు గదా సార్!"

"చెప్తె కూసుంటవా? 'అయ్యో, మీరు పెద్దోళ్లు, మీరు కూసోండి' అంటవ్. జెర తక్లీఫ్ అయితే నీ అంతట నువ్వే దస్తీ జరిపి కూసుంటవనుకున్న. మన ఊరి పిల్ల ఒకరి దస్తీ ముట్టదని యాది మరిచిన."

అజ్మత్ స్టీరింగ్ తిప్పుతూ అందుకున్నాడు. "నా మాట సుత చెప్పు చాచా! రెండు రాత్రులయింది మేడమ్ నేను పండుకోక. అది తెలిసి, రాత్రంత కథలు చెప్పి నా కన్ను మూతపడనియ్యలే. తాబేళ్లు పోయినంక తీస్కపోయి చెట్టు కింద పండుకోబెట్టిండు."

పెళ్లిలో, దవాఖానలో, సిటీ బస్సులో ఆ దస్తీలు వేసిన జాగాల్లో చివరికి ఎవరు కూర్చునేవాళ్లో బస్తీవాళ్లకు ఒక్కసారే అర్థమైనట్టుంది. ఆయన నిలబడే ఉండేవాడు. అది మటుకు అందరికీ గుర్తే.

ఓంప్రకాశ్ ఫోను మోగింది. "పొద్దున ఫోన్ చేసిన్రు గదా సార్? చూసుకోలే" అంటున్నాడు అటు యుగంధర్. "ఏమన్న కంప్లైంటా?"

యోగిత ఓంప్రకాశ్ వైపు తిరిగింది.

"కంప్లైంటే!" అన్నాడు ఓంప్రకాశ్, బస్సంతా వినేట్టు. "గైడుకు సీటు లేదయ్యా మీ బస్సుల! వచ్చే టూరుకు మళ్ల గిట్లనే చేస్తివా, జనరల్ బజార్ల ఒక్కడు నీ బస్సెక్కడు. ఇదే పిల్ల ఉండాలె, దానికి సీటుండాలె. సమజైందా?"

యోగిత దస్తీ మడిచి, ఒళ్లో పెట్టుకుని, సీటులో వెనక్కి వాలింది. గుంటూరు రాకముందే నిద్రపోయింది.

మర్నాడు బాల్కనీలో తీగ నిండా దస్తీలు ఆరేస్తూ బాలమ్మ కేకేసింది.

"పసుపుది యాడ పారేసినవయ్యా? కొత్తది!"

"పారెయ్యలే. సముద్రం కాడున్నది. గూడు గుర్తుకు కర్ర పాతి, దానికి కట్టమని గాడి కాపలామెకు ఇచ్చొచ్చిన."

"తాబేళ్లు పోయినయంటివి గదా! ఇంక ఎవరికోసం?"

"ఆడతాబేలు పెద్దగై గుడ్లు పెట్టాలంటే, మళ్ల పుట్టిన కాడికే వస్తదంటనే బాలమ్మా. ఎంతలేదన్న పది పదిహేనేండ్లు పడ్తదంట."

"అయితే?"

బ్రహ్మచారి గారు చాయ్ గ్లాసు పక్కన పెట్టి, ఇంత అమాయకంగా అడిగేవాళ్లు ఇంకా ఉన్నారా అన్నట్టు చూశాడు.

"వచ్చేటోళ్లున్నరు గదా!"