నేను నేర్పిన ఓడ మర్యాదలు

ఓడ మునగాలంటే సముద్రంలో మంచుకొండ ఉండాలనుకుంటారు చాలామంది. అదేం అక్కర్లేదు. జన్మలో ఓడ ఎక్కని మనిషిని ఒకణ్ణి పట్టుకొచ్చి, ఓడ మర్యాదల మీద ఉపన్యాసం ఇప్పించండి చాలు. నేను ఇచ్చాను. ఓడ మునగలేదు లెండి, దాని అదృష్టం బాగుంది. మునిగింది నా పరువు. దాంతోపాటు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పరువు. మొత్తం అరవై రెండు మంది, పట్టుచీరలతో సహా.

అవి హైదరాబాద్‌లో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల పోస్టర్లే కనిపించే రోజులు. జూబ్లీ హిల్స్‌లో బండలు పగలగొట్టి అద్దాల ఆఫీసులు కడుతున్నారు. పక్కనే ఫిల్మ్ నగర్‌లో నేనొక మాటల రచయిత దగ్గర సహాయకుణ్ణి. తణుకు నుంచి వచ్చి ఆరేళ్ళయింది. సొంత కథ ఒకటి ఫైల్లో పెట్టుకుని, ఆ ఫైలు చంకలో పెట్టుకుని తిరిగేవాణ్ణి. ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్‌లో పైకొచ్చినవాళ్ళకి సినిమా తియ్యాలని సరదా, సినిమాలో పైకి రానివాళ్ళకి ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళని పట్టుకోవాలని ఆత్రం.

నేను పట్టుకున్నాయన నర్సింగరావు గారు. ఒకప్పుడు కోళ్ళ దాణా వ్యాపారం చేసేవారు. తర్వాత జూబ్లీ హిల్స్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టారు. మంచి మనిషి. నా కథ వినిపించడానికి వాళ్ళ ఆఫీసుకి వెళ్తే, ఫైలు తెరవకముందే చెయ్యి అడ్డం పెట్టారు.

"కథ తర్వాత రైటర్ సాబ్. జర నా పరేషానీ విను. స్టాఫ్‌ను, ఇండ్లోళ్ళను సింగపూర్ తీస్కపోతున్న. గాడికెల్లి మూడు దినాలు షిప్పుల తిరుగుడు. మావోళ్ళకు షిప్పు మర్యాదలు ఏమెరుక? నలుగుట్ల ఇజ్జత్ పోతది. నువ్వెన్నడన్న షిప్పు ఎక్కినవా?"

ఇక్కడ 'లేదు సార్' అని ఉంటే ఈ కథే లేదు. కానీ నేను ఫిల్మ్ నగర్ మనిషిని. మా దగ్గర లేదు అనేవాడికి రేపు పని ఉండదు.

"పదకొండు రోజులున్నాను సార్, ఓడలో," అన్నాను.

పూర్తిగా అబద్ధం కాదు. ఒక సినిమా పాట కోసం స్టూడియోలో ప్లైవుడ్ ఓడ వేశారు. ముందుభాగం మాత్రమే. కెమెరా అటు తిరగదు కాబట్టి వెనకభాగం వెయ్యలేదు. నలుగురు బలమైన మనుషులు కింద కూర్చుని వెదురు బొంగులతో ఊపేవాళ్ళు. టీ వచ్చినప్పుడు సముద్రం ఆగిపోయేది. నేను డెక్కు మీద నిలబడి పదకొండు రోజులు పాట మాటలు అందించాను.

నర్సింగరావు గారి కళ్ళు మెరిశాయి. "అట్లయితే మావోళ్ళకు క్లాసు తీస్కో. నువ్వు గూడ మాతోని రా. షిప్పుల మంచిగ గూసుండి నీ కథ వింట. నచ్చితె సినిమా తీద్దాం."

చూశారా, నా ముందు పెట్టింది ఎంత పెద్ద లడ్డూనో! నిర్మాత, సముద్రగాలి, ఎటూ పారిపోవడానికి వీల్లేని చోట ఆయన, నా చేతిలో ఫైలు. ఒప్పుకోక ఏం చేస్తాను?

శనివారం పొద్దున్న ఆఫీసు పెద్ద హాల్లో క్లాసు. ఎదురుగా ఉద్యోగులు, భార్యలు, భర్తలు, పిల్లలు. ముందు వరసలో నర్సింగరావు గారి తల్లి బాలమణమ్మ గారు. డెబ్బై ఏళ్ళ మనిషి, నేత చీర, చేతిలో ఓడ కంపెనీవాళ్ళు పంపిన రంగురంగుల పుస్తకం. నా చేతిలోనూ అదే పుస్తకం ఉంది. బొమ్మలు చూశాను, అక్షరాలు చదవలేదు. అనుభవజ్ఞుణ్ణి కదా!

"ఓడలో పనివాళ్ళతో ఎక్కువ మాట్లాడకూడదు. చిన్నచూపు చూస్తారు," అన్నాను. అందరూ రాసుకున్నారు. "ఏ సందేహం వచ్చినా నన్నే అడగండి." అదీ రాసుకున్నారు.

రాజ్యలక్ష్మి గారని, కంపెనీ జనరల్ మేనేజర్ భార్య, విజయవాడ వాళ్ళు, లేచారు. "ఏవండీ, ఇందులో మొదటిరోజు మస్టర్ డ్రిల్‌కి అందరూ తప్పకుండా రావాలని రాశాడు. మస్టర్ డ్రిల్ అంటే ఏంటండీ?"

ఆ మాట నేనూ అప్పుడే వినడం. అయినా నోరు ఆగితేనా?

"మస్టర్ తెలీదా అండీ? ఆఫీసుల్లో మస్టరు ఉంటుంది కదా, హాజరు పట్టీ! ఓడలో హాజరు కెప్టెన్ గారే స్వయంగా వేస్తారు. డ్రిల్ అంటే స్కూల్లోలా వరసగా నిలబడటం. ఆయన ఒక్కొక్కరినీ పలకరించి, స్వాగతం చెప్పి వెళ్తారు. మొత్తం ప్రయాణంలో అదే ముఖ్యమైన ఘట్టం. మీ దగ్గరున్న అన్నిటికన్నా మంచి బట్టలు అప్పుడే కట్టుకోవాలి."

"మరి మనమేం ఇయ్యొద్దా ఆయనకు?" అన్నారు నర్సింగరావు గారు.

"ఎందుకివ్వకూడదు సార్? శాలువా కప్పి, దండ వేద్దాం. తెలుగువాళ్ళ మర్యాద ఏమిటో చూపిద్దాం!"

హాలంతా చప్పట్లు. బాలమణమ్మ గారు మాత్రం కొట్టలేదు. పుస్తకంలో ఒక బొమ్మ మీద వేలు పెట్టారు.

"బిడ్డా, గీ నారింజ రంగు బనీన్లు తొడుక్కున్నరేంది అందరు?"

"అవి నీళ్ళలో ఆటలకి అమ్మా."

"ముసలోళ్ళు గూడ తొడుక్కున్నరు గదా?"

"ముసలివాళ్ళూ ఆడతారమ్మా, అక్కడ."

ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, పుస్తకం మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. పళ్ళు రాని పిల్లాడు చెరుకు నములుతానంటే పెద్దవాళ్ళు చూసే చూపు అది.

సింగపూర్‌లో ఓడ ఎక్కాం. ఎక్కగానే నాకు కొంచెం గాభరా పుట్టిన మాట నిజం. ఈ ఓడకి వెనకభాగం కూడా ఉంది! మా గదుల వైపు పనిచేసే అప్పన్న అనే ఆయన తెలుగాయనే, ఇచ్ఛాపురం దగ్గర ఊరు. యాభై ఏళ్ళుంటాయి. మావాళ్ళ మాటలు విని ఆనందంతో ఎదురొచ్చి, "ఏ ఊరు బాబూ మీది? మద్దేనం డ్రిల్లుంది, మరి..." అని మొదలుపెట్టాడు. మావాళ్ళు నేను నేర్పిన పాఠం గుర్తుంచుకుని, చూపు పక్కకి తిప్పుకుని వెళ్ళిపోయారు. పాపం, అంత మంచి విద్యార్థులు ఏ మాస్టారికీ దొరకరు. ఒక్క బాలమణమ్మ గారే ఆగి, "నీ పేరేంది బిడ్డా? పిల్లలెంతమంది?" అంటూ ఆయనతో కబుర్లలో పడ్డారు. 'పెద్దావిడకి మర్యాదలు వంటబట్టలేదు' అనుకున్నాను.

మధ్యాహ్నం సైరన్ మోగింది. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. "కెప్టెన్ గారు బయల్దేరారు!" అని ప్రకటించాను.

మావాళ్ళు గదుల్లోంచి బయటికొచ్చారు. అబ్బబ్బ, ఏం చెప్పమంటారు! కంచిపట్టు, ధర్మవరం, వడ్డాణాలు, మల్లెపూల సెంటు. మగవాళ్ళందరూ సూట్లు. రాజ్యలక్ష్మి గారైతే జూబ్లీ హిల్స్‌లో నెల్లాళ్ళు కుట్టించిన మగ్గం వర్కు జాకెట్టు తొడుక్కుని, అది కనిపించాలని పైట సన్నగా మడిచి పిన్ను పెట్టుకున్నారు. ముందు నేను, చేతిలో దండ. పక్కన నర్సింగరావు గారు, చేతిలో శాలువా. పెళ్ళికొడుకుని ఎదుర్కోవడానికి వెళ్తున్నట్టు నడిచి డెక్కు మలుపు తిరిగాం.

అక్కడ ఆరేడు వందల మంది నిలబడి ఉన్నారు. అందరూ నారింజ రంగే. కమలాఫలాల లారీ బోర్లాపడినట్టుంది డెక్కంతా.

"ఏందయ్యా ఇది?" అన్నారు నర్సింగరావు గారు మెల్లగా.

"ఇప్పుడే నీళ్ళ ఆటల నుంచి వచ్చినట్టున్నారు సార్. బట్టలు మార్చుకునే తీరిక లేదు పాపం," అన్నాను. ఆ క్షణంలో కూడా, చూడండి!

తెల్ల యూనిఫాంలో ఉన్న దొర ఒకాయన చేతిలో కాగితాలతో మా వైపు వచ్చాడు. నర్సింగరావు గారు శాలువా విప్పి ఆయన భుజం మీద వెయ్యబోయారు. ఆయన రెండడుగులు వెనక్కి గెంతి, "జాకెట్, సర్! జాకెట్!" అన్నాడు.

"ఏమంటుండు?"

"కోటు బొత్తాలు పెట్టుకోమంటున్నారు సార్. పద్ధతి."

ఇరవై మంది మగాళ్ళు టకటకా కోటు బొత్తాలు పెట్టేసుకున్నారు. దొర తల అడ్డంగా ఊపి, రాజ్యలక్ష్మి గారి వైపు తిరిగాడు. "మేడమ్, మీ జాకెట్ ఏది? మీరు జాకెట్ వేసుకోలేదు. దయచేసి గదికి వెళ్ళి జాకెట్ వేసుకుని రండి," అని ఇంగ్లీషులో చాలా మర్యాదగా అన్నాడు.

అంతే. డెక్కు మీద పిడుగు పడింది.

"ఏవండీ! విన్నారా వాడేమన్నాడో? నేను జాకెట్టు వేసుకోలేదట! అందరి ముందూ!" రాజ్యలక్ష్మి గారి గొంతు సింగపూర్ ఒడ్డు దాకా వినబడి ఉంటుంది. మిగతా ఆడవాళ్ళు గబగబా పైటలు భుజాల చుట్టూ కప్పుకున్నారు. రోజుకి పది గంటలు అమెరికాతో ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడే జనరల్ మేనేజర్ గారికి ఇంగ్లీషంతా ఆవిరై, "యూ... యూ... నీకు కళ్ళు లేవా?" అన్నాడు. వెనకనుంచి ఎవరో "ఎంబసీకి ఫోన్ చెయ్యండి!" అని అరిచారు.

గొడవ సర్దాల్సింది నేనే కదా. ముందుకి దూకి, నాకున్న ఇంగ్లీషంతా పోగేశాను.

"సార్! ఆల్ లేడీస్ వేరింగ్ జాకెట్! వెరీ గుడ్ జాకెట్! హ్యాండ్ వర్క్!"

దొర నన్ను చూశాడు, జాకెట్టు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. తర్వాత చెయ్యి చాపి, "అదిగో, ఆవిడలా!" అన్నాడు. అందరం అటు తిరిగాం.

నారింజ గుంపులో ముందు వరసలో, నేత చీర మీద నారింజ జాకెట్టు బిగించుకుని, మెళ్ళో ఈలతో, బాలమణమ్మ గారు నిలబడి ఉన్నారు.

"ఓరి మీ తెలివి మండ!" అన్నారావిడ అక్కణ్ణుంచే. "గా జాకిట్లు కాదురా! ఓడ మునిగితె పానం నిలబెట్టే జాకిటట. మీ అల్మార్లల్లనే ఉన్నయి. అప్పన్న జెప్పిండు. పోయి తెచ్చుకోన్రి!"

మైకులో అసలు కెప్టెన్ గొంతు వినిపించింది. హైదరాబాద్ నుంచి వచ్చిన బృందం సిద్ధం కానందువల్ల, ప్రమాదం వస్తే ప్రాణాలు కాపాడుకునే ఆ డ్రిల్లు మొదటినుంచి చేస్తామనీ, అందరూ ఉన్నచోటే ఉండాలనీ. ఆరేడు వందల మంది ఒక్కసారి మూలిగారు. ఆ ఎండలో, ఆ జాకెట్లలో, ఇంకో అరగంట. మావాళ్ళు వడ్డాణాలు పట్టుకుని గదులకి పరుగు. తిరిగొచ్చాక బాలమణమ్మ గారే ఒక్కొక్కరికీ ముడి వెయ్యడం నేర్పారు. "గిట్ల బిగియ్యాలె. మస్తు బిగియ్యకు, ఊపిరాడాలె." మగ్గం వర్కు మీద ఆ నారింజ మూట కట్టించుకుంటూ రాజ్యలక్ష్మి గారు నన్ను చూసిన చూపుంది చూడండి, సముద్రంలోకి దూకడానికి నేను జాకెట్టు విప్పాలా అక్కర్లేదా అని ఒక నిమిషం ఆలోచించాను.

సాయంత్రం సిగ్గు చంపుకుని అప్పన్న దగ్గరికి వెళ్ళాను. నవ్వలేదు, మహానుభావుడు. "ఏటి బాబూ, ఓడెక్కినోడు ముందు తలుపెనకాల కాయితం సదవాల. తరవాత గదిలో జాకెట్టెక్కడుందో సూసుకోవాల. కుర్చీ మీద తువ్వాలేసి నాదని ఎల్లిపోకూడదు. పళ్ళెంలో తినేంతే ఎట్టుకోవాల. మడిసి కనబడితే నవ్వాల. ఇంతే గదా, దీనికి కిలాసెందుకు?" అన్నాడు. నేను రెండు గంటలు చెప్పిన క్లాసులో ఇందులో ఒక్కటీ లేదు.

మర్నాడు పొద్దున్న నర్సింగరావు గారు డెక్కు మీద కాఫీ తాగుతూ నన్ను పిలిచారు. ఫైలు తీసుకెళ్ళాను. ఆశకి అంతెక్కడ?

"నిజం జెప్పు. నువ్వు షిప్పు ఎక్కినవా?"

చెప్పేశాను. ప్లైవుడ్, వెదురు బొంగులు, టీ టైములో ఆగే సముద్రం, అన్నీ. ఏ పాటో కూడా చెప్పాను. ఆయన కాఫీ కప్పు పక్కన పెట్టారు.

"నలుగురు ఊపిండ్రా?"

"అవును సార్."

"గా పాట జూసే నేను షిప్పు ఎక్కాలనుకున్ననయ్యా."

నేను ఫైలు కొంచెం ముందుకి జరిపాను. ఆయన అంతే మెల్లగా దాన్ని వెనక్కి జరిపారు.

"నీ కథ నేను వినను రైటర్ సాబ్. కోపమొచ్చి కాదు. డ్రిల్లునే సన్మానమని నమ్మించినోడివి. కథ జెప్తె నమ్మి సినిమా తీస్త. నా భయం నాది."

పొగడ్తో తిట్టో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మరుసటేడాది ఆ కంపెనీ కొత్త ఉద్యోగులని మళ్ళీ ఓడ ఎక్కించింది. క్లాసు మాత్రం ఈసారి బాలమణమ్మ గారు తీసుకున్నారు. నన్ను కూడా కబురుపెట్టి పిలిపించారు. ఎందుకో అర్థం కాలేదు కానీ, తప్పు దిద్దుకునే అవకాశమేమో అని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. నన్ను పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, హాలంతటికీ చూపించి, ఆవిడ క్లాసు ఒక్క వాక్యంలో ముగించారు.

"బిడ్డలారా, గీ సారును మంచిగ జూడుండ్రి. ఓడల గిసొంటోడు కనబడితె, ఆయన జెప్పినదానికి ఉల్టా చెయ్యుండ్రి."

కాబట్టి పాఠక మహాశయులారా, రెండు చేతులూ జోడించి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. భూమి మీద గానీ, నీటి మీద గానీ, ఎవరేం అడిగినా ఇకమీదట నా సమాధానం ఒక్కటే: "నాకు తెలియదండీ." ఫిల్మ్ నగర్‌లో ఈ మాట పైకి అనేవాడు నేను తప్ప ఇంకొకడు లేడని, ఈ విషయంలో నన్ను మించిన అనుభవజ్ఞుడు దొరకడని మాత్రం, నాకు బాగా తెలుసు.