ఉల్కకు మాడు వదిలించాను

కిందటేడు మావారు జైసల్మేర్ ఎడారిలో ఒక నల్లరాయి ఏరుకొచ్చారు. ఢిల్లీ పక్కన వైశాలిలోని మా ఫ్లాటుకు ఎవరొచ్చినా, అయస్కాంతం అంటించి మరీ "ఇది ఉల్క" అని చూపేవారు. ఓ ఆదివారం దాన్ని పరీక్షించడానికి గ్రేటర్ నోయిడా నుంచి జియాలజీ ప్రొఫెసర్ ఒకాయన, మన తెలుగాయనే, వస్తున్నారన్నారు. పెద్దాయన చేతికి మురికిరాయి ఎలా ఇస్తామని, ఇత్తడి కుందులతో పాటు దానికీ చింతపండు పట్టించి, ఇనుప పీచుతో గంటసేపు తోమాను.

ఆయన రాయిని తిప్పి తిప్పి చూశారు. "పైన నల్లటి పొర ఉండాలే! మండుతూ పడిందనడానికి అదేనమ్మా గుర్తు."

"ఆ మాడా అంకుల్? నేనే వదిలించాను," అన్నాను గర్వంగా.

మావారు సోఫాలో కూలబడ్డారు.

ఆ రాయి ఇప్పటికీ షోకేసులో తళతళలాడుతోంది. ఎవరైనా అడిగితే మావారు ఉల్క అనరు; "మా ఆవిడ చేతిపని" అంటారు.