బావిలో దించిన నూలు చిలప

ఎమ్మిగనూరులో అద్దకం షెడ్డు మూతపడిన నాలుగేళ్లకు, 1983 ఎండాకాలంలో, మా వీధి బావి నీళ్లు చేదెక్కాయి. పిల్లల ఒంటి మీద దద్దుర్లు లేచాయి. మునిసిపాలిటీ ఉద్యోగి వచ్చి నీళ్లు గ్లాసులో ఎత్తి చూసి, "తేటగానే ఉన్నాయి కదమ్మా" అన్నాడు.

గుంపులోంచి హులిగెమ్మ ముందుకొచ్చింది. ఆ షెడ్డులో పదిహేనేళ్లు నూలుకు రంగు వేసిన మనిషి.

"గ్లాసుకేం తెలుస్తాదప్పా? నూలును అడుగు."

చిలపగా చుట్టిన తెల్లటి నూలు కట్ట ఒకటి తాడుకు కట్టి బావిలోకి దించింది. కడిగిన తొట్టిలో రంగు మిగిలిందో లేదో అద్దకం వాళ్లు అట్లాగే చూస్తారు. మర్నాడు చిలప లేత నీలంగా పైకొచ్చింది.

అది చూసి ఉద్యోగి బావి పూడ్పిస్తానన్నాడు. వీధికి ఉన్నది ఆ ఒక్క బావే.

"పూడ్సడం నాకు తెల్సులే సామీ," అంది హులిగెమ్మ. "షెడ్డు మూసేటప్పుడు ఎనక రంగునీళ్ల గుంత మీద మన్ను పోసింది నేనే. మేస్త్రీ పొయ్యమంటే పోసినాను. అది యాడికీ పోలేదు, మా బావిలోకే వచ్చినాది."

పక్కింటి మారెప్ప అడిగాడు. "నాలుగేండ్లు నోట్లో ఏం పెట్టుకున్నావమ్మా?"

"భయం పెట్టుకున్నా. ఇప్పుడు ఉమ్మేసినా. పార యాడుందో చూడన్నా."

అమావాస్యనాడు మగ్గాలు ఆడవు. ఆ రోజు నేతగాళ్లంతా పారలు పట్టారు. ఆమె అడుగులు కొలిచి చూపించిన చోట నల్లనీలం బురద బయటపడింది. డ్రమ్ములకెత్తాక, వంక నీళ్లలో పారబోద్దామన్నాడు ట్రాక్టరు తోలే ఏసన్న.

"వంక కింద ఊర్లు లేవా? ఎవరిది వాళ్లింటికే తోలు," అంది హులిగెమ్మ.

ట్రాక్టరు ఆదోనిలో షెడ్డు యజమాని గేటు ముందు ఆగింది. గుమాస్తా పరిగెత్తుకొచ్చి, తీసేయమని కేకలేశాడు.

"మీ సరుకేనప్పా. రంగు సూసి గుర్తుపట్టు," అంది హులిగెమ్మ, డ్రమ్ము మీద కూర్చునే.

పోలీసులొచ్చినా దిగలేదు. సిమెంటు తొట్టి కట్టించి బురదంతా అందులో వేయిస్తానని యజమాని వాళ్ల ముందే రాసిచ్చి, డ్రమ్ములు తన గోడౌన్లోకి దింపించుకున్నాకే దిగింది. అప్పటికి మూడు రోజులైంది.

ఆపైన ప్రతి అమావాస్యకు చిలప దించింది. అన్నాళ్లూ వీధివాళ్లు అర మైలు నుంచి నీళ్లు మోశారు. నీలం పల్చబడుతూ పోయి, తొమ్మిదోసారి చిలప తెల్లగా వచ్చింది. ఉద్యోగి సంబరంగా, "ఇంక తాగొచ్చు!" అన్నాడు.

హులిగెమ్మ చిలప పిండి ఎండలో ఆరేసింది.

"ఒక్కసారికి నమ్మను. వచ్చే అమాసకు మళ్లా దించుతా. నువ్వూ రా. గ్లాసు మాత్రం తేవద్దు."