గద తిరిగిన రోజు

యూనివర్సిటీలో అందరూ ఆయన్ని భీముడు అంటారు. బరువు నలభై తొమ్మిది కిలోలు, అదీ జేబులో తాళాల గుత్తి ఉన్నప్పుడు. రిజిస్ట్రార్ ఆఫీసులో అటెండరు. ఏడాదికి మూడొందల అరవై నాలుగు రోజులు ఫైళ్లు మోస్తాడు, మిగిలిన ఒక్క రోజూ గద మోస్తాడు. ఫైళ్లు మోసినందుకు ఎవరూ పేరు పెట్టలేదు. గద మోసినందుకు పెట్టారు.

గద అంటే నిజంగా గదే. నల్ల చెక్క కర్ర, దాని పైన ఇత్తడి గుండు, గుండు మీద ఇత్తడి గుడ్లగూబ. మొత్తం తొమ్మిది కిలోలు. పట్టాలిచ్చే రోజు అది ముందు నడుస్తుంది. దాని వెనక వీసీ, ఆయన వెనక ప్రొఫెసర్లు, వాళ్ల వెనక వాళ్ల గౌన్లు నేల ఊడ్చుకుంటూ నడుస్తాయి. గద హాల్లోకి రానిదే సభ మొదలైనట్టు కాదు. భీముడు వేదిక ముందు అంచున దాన్ని నిలబెట్టి, రెండు చేతులతో పట్టుకుని, జనం వైపు ముఖం పెట్టి నిలబడాలి. వీపు వేదిక వైపు. అలా మూడు గంటలు. దగ్గకూడదు, చప్పట్లు కొట్టకూడదు, తిరగకూడదు. గదతో సహా ఆయన వెనక్కి తిరిగాడంటే సభ ముగిసిందని అర్థం. వెంటనే బ్యాండు మోగుతుంది, హాలంతా లేచి నిలబడుతుంది, పిల్లలు టోపీలు పైకి విసురుతారు.

ఎందుకిలా అని అడిగితే ఆచారం అంటారు. ఆ ఆచారం ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే, ఆ ఫైలు చూసే మనిషి సెలవులో ఉన్నాడంటారు. అణువును చీల్చి లోపల ఏముందో చెప్పగల మేధావులు అక్కడ పన్నెండు వందల మంది ఉన్నారు. గద మోసేవాడు వేదికకు వీపెందుకు పెట్టాలో ఒక్కరికీ తెలియదు.

ఈ ఉద్యోగం భీముడికి ప్రతిభ వల్ల రాలేదు. ఇరవై మూడేళ్ల కిందట అసలు గద మోసే ఆయనకు సరిగ్గా పట్టాలిచ్చే రోజు ఉదయమే నడుం పట్టేసింది. అప్పటి రిజిస్ట్రార్ కారిడార్లోకి వచ్చి, వరసగా నిలబడ్డ అటెండర్ల కాళ్ల వైపు చూశాడు. పాలిష్ చేసిన బూట్లు భీముడికి మాత్రమే ఉన్నాయి. ముందురోజు బావమరిది పెళ్లికి వెళ్లొచ్చాడు కాబట్టి ఉన్నాయి, లేకపోతే అవీ ఉండేవి కావు. అలా ఎక్కిన గద మళ్లీ భుజం దిగలేదు.

ఇరవై మూడేళ్లలో ఆయన కళ్లముందు... కాదు, వీపు వెనక పద్నాలుగు వేల మంది పట్టాలు పుచ్చుకున్నారు. ఒక్కరిని కూడా ఆయన చూడలేదు. చూసిందల్లా వాళ్ల తల్లిదండ్రుల్ని. ఆ విషయంలో మాత్రం ఆయన్ని మించిన పండితుడు లేడు. ఫోను తిరగేసి పట్టుకుని మూడు గంటలపాటు తన ముక్కునే వీడియో తీసుకునే తండ్రి, పక్కింటివాళ్ల అబ్బాయి పేరు రాగానే చప్పట్లు కొట్టకుండా చేతిసంచీలో ఏదో వెతుక్కునే తల్లి, ఉపన్యాసానికి నిద్రపోయి చప్పట్లకు లేచి తనూ కొట్టేసే తాతయ్య, అందరూ ఆయనకు తెలుసు. ఇంటికొచ్చి వాళ్లందరినీ అనుకరించి చూపిస్తుంటే భార్య, కూతురు కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఈ ఏడు ఆయనకే చిక్కొచ్చి పడింది. ఒక్కగానొక్క కూతురు డాక్టరేట్ పుచ్చుకుంటోంది. ఆరేళ్లు వానపాముల మీద పరిశోధన చేసింది.

"ఆరేళ్లలో వానపాములు ఏమైనా మారాయా తల్లీ?" అని ఒకసారి అడిగాడు.

"అవి మారలేదు నాన్నా. నాకే కళ్లద్దాలొచ్చాయి" అంది.

తల్లి రైల్వే స్టేషన్లో టికెట్లిస్తుంది. పాతికేళ్లు అద్దంలోని కంతలోంచి మాట్లాడీ మాట్లాడీ, ఇంట్లోనూ అదే ధోరణి. ఎక్కడికి, ఎందరు, త్వరగా చెప్పు, తర్వాతివాళ్లు రండి. సభకు రెండు పాసులు ఇంటికొచ్చిన సాయంత్రం ఆవిడ వాటిని బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"ఒకటి నాకు, ఒకటి మీకు."

"నేను గద మోయాలి కదే."

"ఒక్క ఏడాది ఇంకెవడైనా మోస్తే గుడ్లగూబ ఎగిరిపోతుందా?"

నిజం చెప్పాలంటే భీముడి మనసులోనూ అదే మాట తిరుగుతోంది. తన కూతురు తన వీపు వెనక నాలుగడుగుల దూరంలో నడిచి వెళుతుంది. ఊళ్లోవాళ్లందరి పిల్లల్నీ చూడనట్టే దాన్ని కూడా చూడడు. ఆ సంగతి తలుచుకుంటే అన్నం సహించలేదు.

మర్నాడే రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లి బతిమాలుకున్నాడు. రిజిస్ట్రార్ చెడ్డవాడేం కాదు, కాకపోతే ఏదైనా కొత్తగా చేయాలంటే ముందు పాత ఫైలు వెతుకుతాడు. సరే ప్రయత్నిద్దామని, ఆరడుగుల ఎలక్ట్రీషియన్ను పిలిపించి రిహార్సల్ పెట్టాడు. ఎలక్ట్రీషియన్ గద భుజాన వేసుకుని, ఎక్కడో ఫ్యూజు పోయిందన్నట్టు నడిచాడు. వెనకున్న ప్రొఫెసర్లు అరవై దాటినవాళ్లు, గౌన్లు ఎత్తిపట్టుకుని పరుగెత్తారు. చరిత్ర శాఖ పెద్దాయన బూటు ఒకటి దారిలోనే ఉండిపోయింది. చివరికి గద గుమ్మానికి కొట్టుకుని గుడ్లగూబ ముక్కు సొట్టపోయింది.

"చూశావుగా" అన్నాడు రిజిస్ట్రార్. "నువ్వే మోయవయ్యా. నీ కూతురెక్కడికి పోతుంది? మంచి ఫొటో తీయిస్తాను, సరేనా?"

ఫొటో! పద్నాలుగు వేల మంది ఫొటోలు ఆయన కవర్లలో పెట్టి పోస్టు చేశాడు. భీముడు బయటికొచ్చి సైకిల్ స్టాండు దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఏడుపొచ్చింది. ఇరవై మూడేళ్లలో మొదటిసారి ఆ గద మీద కోపమొచ్చింది, దాన్ని మోసిన తన భుజం మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

ఇంట్లో యుద్ధ సన్నాహం మొదలైంది. గద తిరగకూడదు, ఒళ్లు తిరగకూడదు. మెడ మాత్రం తిరగకూడదని ఎక్కడా లేదుగా అంది ఆవిడ. టికెట్ల రూల్సు చదివీ చదివీ సందులు వెతకడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. భీముడు ముందుగదిలో చీపురు పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ పాత క్యాలెండరు చుట్టి పట్టాలా పట్టుకుని ఆయన వెనక అటూ ఇటూ నడిచింది.

"కనపడ్డానా?"

"నీ మోచెయ్యి కనపడింది."

"ఇంకాస్త తిప్పండి."

"తిప్పితే ఊడి చేతికొస్తుందే. యాభై ఎనిమిదేళ్ల మెడ ఇది."

వారం రోజుల సాధన తర్వాత ఆయన మెడ మోచెయ్యి దాటి భుజం దాకా వచ్చింది. ముఖం దాకా రానంది. గుడ్లగూబ వీపుకు చిన్న అద్దం అంటిద్దామని ఆవిడ ఇంకో ఉపాయం చెప్పింది. "యూనివర్సిటీ గదంటే లారీ అనుకున్నావా?" అని భీముడు మండిపడ్డాడు. మండిపడ్డాడే గానీ, ఆ రాత్రి లేచి బీరువా మీద చిన్న అద్దం కోసం వెతికాడు. ఉన్నది పగిలిపోయింది.

ఈ గొడవంతా చూసి కూతురు భయపడింది.

"నాన్నా, నువ్వేం చెయ్యకు. బుద్ధిగా నిలబడు. నా తర్వాత మూడొందల మంది ఉన్నారు. నువ్వు తిరిగావంటే వాళ్లందరి ఉసురూ నాకు తగులుతుంది."

"తిరగనమ్మా" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ రోజు వచ్చింది. నాలుగు వేల మంది జనం, హాలు కిక్కిరిసింది. భీముడు ఎప్పటిలాగే అడుగుకో ఊపిరి చొప్పున నడిచి, గద నిలబెట్టి, వేదికకు వీపు పెట్టాడు. ఏడో వరసలో భార్య కూర్చుంది. పక్క కుర్చీలో ఆవిడ చేతిసంచీ కూర్చుంది. ఎవరో పెద్దమనిషి ఆ సంచీ జరపబోతే, "ఇది రిజర్వుడు!" అని ఆవిడ అన్న మాట వీసీ స్వాగతోపన్యాసం మధ్యలో హాలంతా వినపడింది.

వీసీ ఉపన్యాసం నలభై నిమిషాలు. జ్ఞానం దీపం అన్నాడు, యువత వారధి అన్నాడు, ముఖ్య అతిథి మళ్లీ అదే దీపం వెలిగించి అదే వారధి కట్టాడు. తర్వాత పేర్లు. రెండు గంటలయ్యాక వానపాముల శాఖ వంతు వచ్చింది. భీముడి అరచేతుల్లో చెమట పట్టి కర్ర జారసాగింది.

కూతురి పేరు పిలిచారు. ఆపైన ఆమె సిద్ధాంత గ్రంథం పేరు చదవడం మొదలుపెట్టారు. అది రైలంత పొడుగుంది. వెనక చెక్క మెట్ల మీద అడుగుల చప్పుడైంది. భీముడు అనుకున్నట్టే మెడ తిప్పాడు. వీసీ మోకాళ్లు కనపడ్డాయి. చాలులే, ఇంతే ప్రాప్తం అనుకుని మళ్లీ ముందుకు తిప్పి భార్య వైపు చూశాడు.

ఆవిడ లేచి నిలబడి ఉంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. రైలు తప్పిపోయినవాళ్లు కౌంటరు ముందు ఎంత ఏడ్చినా చలించని మనిషి, ధారగా ఏడుస్తోంది. ఏడుస్తూ నవ్వుతోంది. పెళ్లయిన ముప్ఫై ఏళ్లలో ఆయన ఆ ముఖం ఎన్నడూ చూడలేదు. తన వెనక ఏముందని ఆవిడ అలా అయిపోయింది?

చూడాలనిపించింది. అంతే, తిరిగాడు. మెడా, ఒళ్లూ, తొమ్మిది కిలోల గదా, సొట్టముక్కు గుడ్లగూబా, అన్నీ కలిసి తిరిగాయి.

బ్యాండు మాస్టారు చెవులతో వినే మనిషి కాదు. మూడు గంటలూ ఆయన చూసేది గద ఒక్కదాన్నే. అది తిరిగిందా, ఆయన చేతిలో కర్ర లేచింది. బాకాలు, డప్పులు ఒక్కసారి గుప్పుమన్నాయి. నాలుగు వేల మంది తటాలున లేచి నిలబడ్డారు. ప్రొఫెసర్లు లేచారు, ముఖ్య అతిథి నిద్రలోంచి లేచాడు. ఇంకా పట్టాలు పుచ్చుకోని మూడొందల మంది పిల్లలు, పోనీలే ఇంటికెళ్లొచ్చని టోపీలు పైకి విసిరారు. వీసీ నిలబడే ఉన్నాడు గానీ, కంగారులో ఇంకాస్త నిటారుగా నిలబడ్డాడు. పట్టా అప్పటికి సగం ఆయన చేతిలో, సగం అమ్మాయి చేతిలో ఉంది.

"నాన్నా, అటు తిరుగు! అటు తిరుగు నాన్నా!" అని అమ్మాయి పళ్ల బిగువున అంటోంది. భీముడు వినలేదు. చూస్తూ ఉండిపోయాడు. రిజిస్ట్రార్ మైకులో "కూర్చోండి! సభ అవలేదు!" అని గొంతు చించుకున్నాడు గానీ, ఆ బ్యాండుకు ఒకసారి మొదలెడితే పాట అయ్యేదాకా ఆపడం రాదు. పాట నాలుగు నిమిషాలు. హాలును మళ్లీ కూర్చోబెట్టడానికి ఇరవై పట్టింది. ఎవరి టోపీ ఎవరిదో తేలడానికి ఇంకా ఎక్కువే పట్టింది.

మర్నాడే సంజాయిషీ నోటీసు వచ్చింది. ఎందుకు తిరిగావో మూడు రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి.

"ఒంట్లో బాగోలేదని రాసెయ్ బాబాయ్" అన్నాడు ఎలక్ట్రీషియన్.

భీముడు ఒక తెల్లకాగితం తీసుకుని, "నా కూతురిని చూడటానికి తిరిగాను" అని రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. రిజిస్ట్రార్ కాగితం వెనక్కి తిప్పి చూశాడు. ఇంకేం లేదు.

అయితే కాగల కార్యం గంధర్వులే తీర్చారు. ఆ ఉదయం పేపర్లలో పెద్ద ఫొటో పడింది. అటెండరు కూతురు పట్టా అందుకుంటుంటే సభ యావత్తూ లేచి నిలబడి గౌరవించిందని రాశారు. చదివినవాళ్లందరికీ కళ్లు చెమర్చాయట. వీసీకి అభినందనల ఫోన్లు మొదలయ్యాయి. పదో ఫోనుకల్లా ఆయనకు అసలు ఆ ఆలోచన తనదే అనిపించసాగింది. ఇప్పుడు భీముడు తిరగడం తప్పని తేలిస్తే, వీసీ గౌరవించడం పొరపాటని తేలుతుంది. నోటీసు వచ్చిన దారినే వెనక్కి వెళ్లింది. దాన్ని మోసుకెళ్లి ఫైల్లో పెట్టింది కూడా భీముడే.

ఆఫీసు క్షమించింది గానీ, ఇంట్లో కూతురు క్షమించలేదు. వారం రోజులు తండ్రితో మాట్లాడలేదు. ఆరేళ్లు కష్టపడింది తను, పేపర్లో పడింది అటెండరు కూతురు. వానపాముల మాట ఒక్కడూ రాయలేదు. ఆ పిల్ల కోపంలో న్యాయం ఉంది. భీముడికీ తెలుసు.

ఎనిమిదో రోజు భోజనాల దగ్గర ఇక ఉండలేక తనే అడిగింది.

"అంత గొడవ చేసి తిరిగావు కదా, ఏం చూశావు?"

భీముడు ముద్ద కలపడం ఆపాడు.

"నీ టోపీ ఒక పక్కకి ఒరిగిపోయిందమ్మా" అన్నాడు. "దగ్గరికొచ్చి సరిచేద్దామనుకున్నాను. చేతుల్లో ఆ గద ఉండిపోయింది."

అమ్మాయి కంచం ముందు నుంచి లేచింది. గదిలోకి వెళ్లింది. కోపంతో వెళ్లిందనే అనుకున్నారు ఇద్దరూ. టోపీ పెట్టుకుని తిరిగొచ్చి, తండ్రి ముందు నేల మీద కూర్చుని తల వంచింది.

భీముడు లేచి చేతులు శుభ్రంగా కడుక్కుని, రెండుసార్లు తుడుచుకుని వచ్చి, టోపీని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇంకాస్త కుడికి" అంది ఆవిడ.