చెవితో చదివిన వాక్యం

నా కూతురు దేవుడి ముందు చదివినట్టు నటించిందని మా చర్చిలో ఇప్పటికీ కొందరు చెప్పుకుంటారు. ఆ తప్పు ఆమెది కాదు. కాదని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు.

మాది దెందులూరు అవతల, కొల్లేటి వైపు. రెండు చేపల చెరువులున్నాయి. అమ్మాయి తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదువుతోంది. చిన్నప్పటి నుంచీ పుస్తకం తెరిస్తే చాలు, వరుసలు కలిసిపోయేవి. బద్ధకమనుకుని కొట్టాను కూడా. అది డిస్‌లెక్సియా అని కాలేజీలో ఒక మేడమ్ గుర్తించి, ఫోన్‌లో యాప్ పెట్టించారు. పేజీని ఫొటో తీస్తే ఫోనే చదివి వినిపిస్తుంది. అప్పటి నుంచి పిల్ల చదువు గాడిన పడింది.

మా చర్చిలో ప్రతి ఆదివారం యువకుల్లో ఒకరు బైబిల్ లేఖనం చదవాలి. ఆమె వంతు వచ్చింది.

"ఇయర్‌ఫోన్ పెట్టుకుని చదువుతాను నాన్నా. కాలేజీలో సెమినార్ అలాగే ఇచ్చాను."

"చర్చిలో చెవిలో వైరేంటి? పెద్దలేమనుకుంటారు? ఇంట్లోనే విని గుర్తుపెట్టుకో. అక్కడ బైబిల్ తెరిచి పట్టుకుంటే చాలు."

అలాగే చేసింది. ఒక్క మాట జారలేదు. కానీ తెరిచిన పేజీ వేరేది. పక్కనున్న సంఘ పెద్ద చూశారు. ఆరాధన అయ్యాక అందరి ముందూ అడిగారు.

"దేవుడి దగ్గర కూడా కాపీయేనా అమ్మా?"

కొందరు నవ్వారు. పిల్ల నా వైపు చూసింది. నేను చెప్పులు వెతుక్కున్నాను. మరుసటి ఆదివారం సంఘం ముందు క్షమాపణ చెప్పింది. పేజీ తెరిచి పట్టుకోమన్నది నేనేనని మాత్రం చెప్పలేదు.

ఇక కాలేజీలోనూ యాప్ మానేసింది. "వినడం మోసమేగా నాన్నా" అంది. పుస్తకం ముందు కళ్ళు నులుముకుంటూ కూర్చునేది. చివరికి చదువు మానేస్తానంది.

అప్పుడు వెళ్ళాను ఆ పెద్దాయన ఇంటికి. ఆయనకూ చేపల చెరువులున్నాయి.

"పేజీ తెరిచి పట్టుకోమన్నది నేనేనండీ."

"పోనీలెండి, అయిపోయిందిగా."

"అవలేదండీ. ఈ ఆదివారం మళ్ళీ మా అమ్మాయే చదువుతుంది. ఇయర్‌ఫోన్‌తో."

"ఫోన్ చెప్తే చదవడం కూడా చదవడమేనేటండీ?"

"చేపల రేటు మీకూ నాకూ రోజూ వాయిస్ మెసేజ్‌లోనే కదండీ వస్తుంది? అది విని లారీకి ఎత్తించడం లేదా? వినడం మోసమైతే మనిద్దరం ఎప్పుడో మోసగాళ్ళం."

ఆయన నవ్వలేదు. "జనం గోల చేస్తే నన్నడక్కండి" అన్నారు.

అమ్మాయిని ఒప్పించడం ఇంకా కష్టమైంది. "ముందు మీరు లేచి చెప్పండి" అంది. ఆదివారం లేచి చెప్పాను. అలా పట్టుకోమన్నది నేను, క్షమాపణ చెప్పాల్సిందీ నేను.

తర్వాత ఆమె జుట్టు వెనక్కి ముడేసుకుని, వైరు అందరికీ కనబడేలా నిలబడింది. ఒక వరుస వినడం, ఒక వరుస చెప్పడం. మధ్యలో నిశ్శబ్దం. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. ఒకామె వినబడేలాగే అంది: "ఫోనే చదివితే ఈ పిల్లెందుకండీ?"

పిల్ల ఆగింది. ఆగిన వరుసనే మొదటి నుంచి ఇంకాస్త గట్టిగా చదివింది.

మర్నాడు కాలేజీకెళ్తుంటే గూడెం బస్సులో చెవిలో వైరు చూసి "పాటలా?" అని ఎవరో అడిగారట. "ఎకనామిక్స్ అండీ. వింటారా?" అందట.