ఖాసిం గారు ఒప్పుకున్న తప్పు

ఎవరైనా మిరప మొక్కను వేళ్ళతో సహా పీకి దుకాణంలోకి తెస్తే, ఆ తడి మన్ను వాసనకే ఈమధ్య నాకు తల దించుకోవాలనిపిస్తోంది. జగ్గయ్యపేటలో పురుగుమందుల దుకాణం నాది. ఆ వాసన రాగానే ఖాసిం గారు గుర్తొస్తారు.

వ్యవసాయ డిప్లొమా చేసి నేను మొదట పనికి చేరింది నందిగామలో ఆయన దుకాణంలోనే. రైతు ఒక్క ఆకు తుంచుకొస్తే ఆయన మందు ఇచ్చేవారు కాదు. "ఆకు చూసి ఏం చెప్తానయ్యా? మొక్క పీక్కురా, వేరు చూడాలి" అని వెనక్కి పంపేవారు. బేరం పోతోందని నేను గొణిగితే, "పోతే పోనీ అమ్మాయ్, పంట పోకూడదు" అనేవారు. అంతటి మనిషీ ఒకసారి పొరబడ్డారు. ఆయనిచ్చిన మందుకి చెవిటికల్లులో ఒకరి పత్తి చేను మాడిపోయింది. మందు కంపెనీని తిట్టి ఊరుకుని ఉండొచ్చు, ఆయన అలా చేయలేదు. నన్ను వెంటబెట్టుకుని చేలోకి వెళ్ళి, నలుగురి ముందూ, "మందు మంచిదేనయ్యా, చెప్పడంలో పొరపాటు నాదే" అన్నారు. పరువు పోగొట్టుకున్నారనుకున్నాను. నాకప్పుడు బుద్ధి లేదు.

పోయిన ఏడు నా ఫోన్‌లోకి కృత్రిమ మేధ యాప్ వచ్చింది. ఆకు ఫోటో తీస్తే తెగులు పేరు, మందు మోతాదు తెలుగులోనే చెబుతుంది. వాన సూచనలూ ఇస్తుంది. పనికొచ్చేదే. రైతుల్ని కూర్చోబెట్టి, "వేలకు వేలు ఫోటోలు చూసి నేర్చుకుందండి ఇది, మనకన్నా నయం" అని గొప్పలు పోయాను.

చందర్లపాడు నుంచి వెంకమ్మ గారు పసుపెక్కిన మిరప ఆకు తెచ్చారు. కౌలుకు తీసుకున్న ఆ ఒక్క ఎకరమే ఆమె బతుకు. ఫోటో తీస్తే యాప్ పోషక లోపమంది. మొక్క తెమ్మనాలని నోటిదాకా వచ్చింది. దుకాణం నిండా జనం, ఊరుకున్నాను. ఆకుల మీద కొట్టే మందు ఇచ్చాను. తెగులు వేళ్ళలో ఉంది. కొద్దిరోజుల్లోనే చేనంతా ఎండిపోయింది.

ఆమె వచ్చి ఎదురుగా నిలబడ్డారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీరు మాత్రం ఏం చేస్తారు మేడం, ఆ ఫోనే తప్పు చెప్పింది కదండీ" అన్నారు.

"అవునండి, ఫోనే తప్పు చెప్పింది" అన్నాను.

ఖాసిం గారు ఇప్పుడు లేరు. ఉన్నా ఆయన ముఖం చూడలేను. యాప్ వాడుతూనే ఉన్నాను, మొక్క కూడా తెమ్మంటున్నాను. వెంకమ్మ గారి చేలోకి వెళ్ళి తప్పు నాదని చెప్పాలని చాలాసార్లు బయలుదేరాను. చందర్లపాడు బస్సు మాత్రం ఇంతవరకూ ఎక్కలేదు.